నాగయ్య ముక్కు

ఎంటర్ కొట్టాక ఇక చేసేదేమీ లేదు. నల్లని తెర మీద ఆఖరి వరుస కింద తెల్లటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే. ఎంత అయింది, ఇంకెంత ఉంది అని చెప్పే అంకె లేదు. బస్సు ఏ ఊరు దాటిందో తెలియక రోడ్డు మీద నిలబడ్డవాడిలా లింగం ఆ గీతను చూస్తూ కూర్చున్నాడు. పది దాటి పది నిమిషాలకు కరెంటు పోయింది. పోతుందని నిన్ననే చెప్పారు, సబ్‌స్టేషన్‌లో పనట, మళ్లీ రెండింటికి. జనరేటరు ఉండీ లేనట్టే, దాని పేగులన్నీ షెడ్డు ముందర గోనెసంచి మీద పరిచి మెకానిక్ సామాను కోసం పోయాడు, ఇంకా రాలేదు. మిగిలింది యూపీఎస్. దాని ముఖం మీద నలభై ఒక్క నిమిషం అని పచ్చగా రాసి ఉంది గానీ ఆ బ్యాటరీల మాట లింగానికి తెలుసు. నలభై అన్నవి ఇరవై అయిదుకే చేతులెత్తేస్తాయి. ఫ్యాను ఆగిన గదిలో కంప్యూటరు గాలి చప్పుడు ఒక్కటే ఉంది. ఆ చప్పుడులో ఏమన్నా మార్పు వస్తుందేమోనని చెవి దానంతట అదే అటు పోతోంది, చేనుకాడ మోటరు చప్పుడు మీద పడుకున్నవాడి చెవి ఉన్నట్టు.

ఆ యూపీఎస్ మీద బతుకుతున్నవి రెండే. ఒకటి ఈ కంప్యూటరు. రెండోది కిటికీలోంచి కనబడే సాల్వెంట్ ట్యాంకుల యార్డులో గోడలకూ గుంజలకూ బిగించిన పదకొండు గ్యాస్ సెన్సార్లు. ఆ పదకొండూ చెప్పేది విని, ఎప్పుడు సైరన్ కొట్టాలో ఎప్పుడు ఊరుకోవాలో తేల్చే ప్రోగ్రాము కంప్యూటరు లోపల ఒక కంటెయినర్‌లో నడుస్తుంది. కంటెయినర్ అంటే ప్రోగ్రాముకు కావలసిన సరంజామా అంతా తన లోపలే పెట్టుకుని నడిచే డబ్బా. ట్యాంకుల దగ్గర పనిచేసిన నాగయ్య దాన్ని డబ్బా అనే అనేవాడు, 'నీ డబ్బ ఏమంటున్నది ఇయ్యాల' అని గడప దగ్గర చెప్పులు విడుస్తూ అడిగేవాడు. పొద్దున, కరెంటు పోకముందు, మళ్లీ లేపేటప్పుడు ఏ మాటతో లేపాలో చూసి పెట్టుకుందామని లింగం ఆ డబ్బా వివరాలు తెరిచాడు. ఎప్పుడూ చూడని వరుసలు వందలు దొర్లాయి. వాటి నడుమ ఒకచోట ఆటోరిమూవ్ అని ఉంది, పక్కన ట్రూ అని ఉంది. రెండుసార్లు చదివాడు. ఆగిన మరుక్షణం తనంతట తాను చెరిగిపోవాలని ఆ డబ్బాకు పుట్టిన రోజే చెప్పి ఉంది. చెప్పింది ఎవరో కాదు, తానే.

తానే, అప్పట్లో. డిస్కు చిన్నది, ఒక్కో ప్రయత్నానికి ఒక్కో చచ్చిన డబ్బా మిగిలిపోయి చోటు తినేది. అందుకని ప్రతి ప్రయత్నం చివరా ఆ చిన్న మాట తగిలించడం అలవాటు చేసుకున్నాడు, కల్లం అయిపోగానే ఊడ్చేసే ఇంట్లో పుట్టినవాడికి అది పెద్ద సంగతిగా తోచలేదు. పదిహేడో ప్రయత్నమో పద్దెనిమిదో, అది నడిచింది. నడిచింది గదా, ఇక దీన్ని ఆపి, పద్ధతిగా, ఊడ్చే మాట లేకుండా మళ్లీ మొదలు పెడదామని చెయ్యి మీటల మీద పెట్టాడు. పక్క కుర్చీలో ఉన్న నాగయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "నడిచేదాన్ని ముట్టకు బిడ్డా. బోరు నీళ్లు పోస్తుంటే స్టార్టర్ మూత ఇప్పి సూస్తరా ఎవలన్న?" అన్నాడు. లక్డారంలో లింగం తండ్రి కూడా అదే అనేవాడు. నడిచేదాన్ని ముట్టకూడదన్నది ఈ చుట్టుపక్కల మోటరు ఉన్న ప్రతి ఇంట్లో ఉన్న న్యాయమే. అందుకని ముట్టలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇరవై మూడు నెలలు అది ఆగకుండా నడిచింది. అడిగినప్పుడల్లా తెర అదే చెబుతుంది, ఇరవై మూడు నెలలుగా లేచి ఉంది అని. ఇంతకాలం గర్వంగా చదివిన ఆ వరుసను పొద్దున లింగం గబగబా పైకి జరిపేశాడు.

ఒక్క ఫైలు అయితే బయటికి నకలు తీసి పెట్టుకునేవాడు. కానీ మొదటి ఏడాదంతా డబ్బా నడుస్తుండగానే, లోపలికి దూరి, నాగయ్య చెప్పినప్పుడల్లా చెప్పినచోటల్లా వేలు పెడుతూ పోయాడు. ఇక్కడో అంకె, అక్కడో రెండు వరుసలు, ఎక్కడో ఒక పాత ముక్క తీసి కొత్త ముక్క. రాసి పెట్టుకోలేదు. ఇద్దరు మనుషులు ఒక గోడ కడుతున్నప్పుడు ఏ రాయి ఎవరు పెట్టారో రాసుకుంటారా. ఇప్పుడు ఆ గోడ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు అచ్చు తీయాలి. నడుస్తున్న డబ్బా నుంచి అచ్చు తీసే మాట ఒకటి ఉంది, కమిట్ అంటారు. తీసిన అచ్చును ఇమేజ్ అంటారు. ఆ అచ్చు ఒకటి చేతిలో ఉంటే పాతది చెరిగిపోయినా అలాంటిదాన్నే మళ్లీ నిలబెట్టవచ్చు. ఆ మాటే కొట్టి కూర్చున్నాడు ఇప్పుడు. లోపల తొమ్మిది జీబీ ఉంది, డిస్కులో మిగిలింది పదమూడు. పాత డిస్కు. ముసలెద్దు కాడి లాగినట్టు లాగుతోంది.

గీత ఆరింది, వెలిగింది. యూపీఎస్ ముప్పై ఒకటి.

నాగయ్యది గుమ్మడిదల. రెండెకరాలు వాగు ఒడ్డున ఉండేది. చుట్టూ కంపెనీలు లేచాక వాగు నీళ్ల రంగు మారింది, రంగు కంటే ముందు వాసన మారింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి, రాత్రి పైన ఏ దిక్కున ఏం వదిలారో నాగయ్య చెప్పేవాడట. పేరు తెలియకపోయినా ఇది నిన్నటిది, ఇది మొన్నటిది, ఇది కొత్తది అని. పొలం పండకుండా పోయాక అదే ముక్కు పట్టుకుని ఇదే కంపెనీకి కూలికి వచ్చాడు. ట్యాంకుల దగ్గర పడ్డాక పేర్లు తెలిశాయి. టోలీన్ అంటే కొత్తగా రంగు వేసిన తలుపు, ఐపీఏ అంటే సూది పొడిచే ముందు రుద్దే దూది, ఎసిటోన్ అంటే ఆడపిల్లలు గోళ్ల రంగు తుడుచుకునేది. మిథనాల్ ఒక్కటి దొంగది, దాని వాసన ముక్కుకు కాదు కంటికి తెలుస్తుంది అనేవాడు, నిజమో కాదో లింగానికి ఇప్పటికీ తెలియదు.

సెన్సార్లు కొత్తగా బిగించినప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చిన లెక్కల ప్రకారం అన్నిటికీ ఒకటే న్యాయం, గీటు దాటితే సైరన్. రోజుకు తొమ్మిది సార్లు మోగేది. ఆవిరి తగిలినా, టాంకరు వెనక్కి వస్తూ పొగ కక్కినా, వాన పడి వెలిసినా మోగేది. మొదటి వారం అందరూ ఉరికారు. రెండో వారం సగం మంది. మూడో వారం యార్డు చూసుకునే ఐలన్న నిచ్చెన వేసుకుని ఎక్కి సైరన్ నోట్లో గోనెగుడ్డ కుక్కాడు. ఎవరూ ఏమీ అనలేదు, పెద్దసారు సహా. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం పంపు గాస్కెట్ లేచిపోయి టోలీన్ కారింది. సైరన్ గుడ్డ నోట్లో పెట్టుకుని గురగురమంటుంటే అవతలి వైపు డ్రమ్ములు కడిగే చోట ముగ్గురు ఆడవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ కూలబడ్డారు. ఆ ముగ్గురిలో సుమిత్ర ఒకతె. లింగం పెళ్లాం. దవాఖానలో కళ్లు తెరిచాక ఆమె మొదట అడిగింది, డ్రమ్ము మీద మూత పెట్టారా అని. ఆ తరువాత నెలా పదిహేను రోజులు తలనొప్పి. పోపు పెడితే వాంతి. అప్పుడే నాగయ్య ఈ గదికి వచ్చి చెప్పులు విడిచి కూర్చున్నాడు. "ఊకె ఏడ్చే పోరని ఏడుపు ఎవ్వలు పట్టించుకోరు. దీనికి ఎప్పుడు ఏడ్వాల్నో నేర్పుదాం పా" అన్నాడు.

నేర్పారు. ఏడో నంబరు ఆవిరి డ్రెయిన్ పక్కన ఉంది, అది అరిస్తే కొంచెం ఆగి చూడు, పక్కన ఆరు కూడా కదిలితేనే నమ్ము. నాలుగో నంబరు టాంకరు పొగకు అరుస్తుంది, అరుపు నిటారుగా లేచి నిటారుగా పడితే అది పొగ, మెల్లగా లేస్తే అది సాల్వెంట్. తొమ్మిది వాన వెలిసిన గంట దాకా తాగినోని లెక్క, ఏది చెప్పినా సగం తీసెయ్. రెండో నంబరు మాత్రం జన్మల అబద్ధమాడలే, అది మూలిగినా కొట్టు. నాగయ్య ముక్కుతో పట్టింది మాటల్లో చెప్పేవాడు, లింగం మాటను అంకె చేసేవాడు, మరునాడు ఇద్దరూ యార్డులో నిలబడి చూసుకునేవాళ్లు. ఏడాది పట్టింది. ఆ తరువాత సైరన్ ఎనిమిది సార్లు మోగింది, ఎనిమిదీ నిజం.

నిరుడు వానల్లో నాగయ్యకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ వాసన పట్టుకుపోయింది. డాక్టరు వస్తదిలే అన్నాడు, రాలేదు. లింగం చూడబోయిన రోజున పొయ్యి మీద పప్పు మాడుతోంది, గోడ అవతలి ఇంటివాళ్లు కేక వేశారు, పొయ్యి పక్కనే పీట మీద కూర్చున్న నాగయ్యకు తెలియలేదు. గిన్నె దించి నీళ్లు పోసి, ఆ పొగలోకి ముఖం వంచి చాలాసేపు పీల్చాడు. "ఏం లేదు బిడ్డా. గోడను వాసన సూసినట్టే ఉన్నది" అన్నాడు. మళ్లీ నవ్వి, "నా ముక్కు నీ డబ్బల ఉన్నది పో. పైలంగ పెట్టు" అన్నాడు. తమాషాకే అన్నాడు.

ఇరవై ఆరు. ఇందాక ముప్పై ఒకటి గదా, అయిదు నిమిషాలు కూడా కాలేదు.

కమిట్ కొడితే ఇంకొక చిక్కు ఉంది. అచ్చు తీస్తున్నంతసేపూ లోపలి ప్రోగ్రాము బిగుసుకుపోతుంది. ఫోటో తీసేవాడు కదలకు అన్నట్టు. కదులుతున్నా తియ్యి అని చెప్పే ఉపాయం లేకపోలేదు గానీ, అప్పుడు ఏ ఫైలైనా సగం రాసి సగం రాయని స్థితిలో అచ్చులో పడవచ్చు, తీరా లేపాక కుంటుతుంది. ఎటూ తేలక అయిదు నిమిషాలు పోగొట్టుకుని, బిగుసుకుంటే బిగుసుకోనీ అనుకున్నాడు. అంటే ఎంటర్ కొట్టినప్పటి నుంచి బయట పదకొండు సెన్సార్లూ చెబుతూనే ఉన్నాయి, వినేవాడు లేడు. టోలీన్ టాంకరు ఒకటి పొద్దున ఎనిమిది నుంచి యార్డు గేటు దగ్గర నిలబడి ఉంది. దాని పంపు ఇంజనుతో నడుస్తుంది, కరెంటుతో పని లేదు, పైపు తగిలిస్తే దించడమే. అందుకే కొట్టే ముందు కిందికి పోయాడు. యార్డులోకి ఫోను తీసుకుపోరాదు, ఏదైనా నోటితోనే.

"ఐలన్నా, టాంకర్‌కు పైపు పెట్టకు. నేనొచ్చి చెప్పేదాంక."

"డ్రైవర్ పొద్దుగాలనుంచి నా పానం తింటున్నడు. ఏమైంది?"

"డబ్బ అచ్చు తీస్తున్న. గంతసేపు దానికి ఇనబడది. సైరన్ మోగది."

"ఎంతసేపు?"

"తెల్వదు."

"తెల్వదంటే? అన్నం ఉడికేంత సేపా, కాన్పయ్యేంత సేపా?"

"నడుమ."

ఐలన్న తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "మరి వాసన ఎవలు సూడాలె?" అన్నాడు. సైరన్ నోట్లో గుడ్డ కుక్కినవాడు అతనే. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు. రెండో నంబరు దగ్గర తాను నిలబడతానన్నాడు. కానీ ఐలన్నది జర్దా ముక్కు, సగమే పనిచేస్తుంది. మిగతావాళ్లవి గుట్కా ముక్కులు. ఏడు నుంచి తొమ్మిది దాకా ఉన్న వంపులో ఎవరిని పెట్టాలన్నది లింగానికి అడిగే పని లేకుండానే తెలుసు. ఆ మధ్యాహ్నం తరువాత సుమిత్రకు వాసన పిచ్చి పట్టింది. పక్కింట్లో అగ్గిపుల్ల గీసినా చెబుతుంది. ఆమె ఇప్పుడు పనిచేసే ప్యాకింగ్ గదికి పోయి పిలిచాడు. విన్నది.

"మళ్ల నన్నే పెడ్తున్నవ్ సూడు. కంపెనీల ఇంకెవ్వలు దొర్కలే నీకు?"

లింగం ఆమె చేతిలోని అట్టపెట్టె అందుకుని బల్ల మీద పెట్టాడు.

"మాట్లాడవేంది? వాసనొస్తే ఏం జెయ్యాలె?"

"ఉర్కు. ఉర్కుకుంట ఒర్లు."

"నీకు ఇనబడ్తదా ఆడికి?"

"కిటికి తీసి పెడ్త."

కిటికీ తీసే ఉంది. ఏడో నంబరు గుంజ దగ్గర నీలం కోటులో ఆమె నిలబడి ఉంది. మూతికి కట్టుకునే గుడ్డ కిందికి లాగి గదవ కింద పెట్టుకుంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది, పక్కకు జరిగితే నీడ ఉంది గానీ జరగలేదు, గాలి ఈ ఎండ వైపు నుంచే వస్తోంది కాబట్టి. పెళ్లయిన కొత్తలో లక్డారంలో ఇంటి వెనుక దడి దగ్గర ఇలాగే నిలబడి ముఖం ఎత్తి ఆమె వాన వస్తుందంటే పిడకలు లోపల పెట్టినవాళ్లు బాగుపడేవారు. ఆ ముక్కును తాను వాడుకుంటున్నాడు. వాడుకోవడమే. దీనికి ఇంకో మాట ఏదైనా ఉందా అని వెతికాడు. ఆ రోజు స్ట్రెచర్ మీద ఆమె కాళ్లు, ఒక కాలికి మాత్రమే మెట్టె, రెండోది ఎక్కడ పడిందో దొరకలేదు. ఇప్పుడు ఏదైనా అయితే. అనుకోగూడదు. డబ్బా చెరిగిపోతే రేపటి నుంచి మళ్లీ కంపెనీ లెక్కలు, మళ్లీ రోజుకు తొమ్మిది సార్లు, మళ్లీ ఎవరో ఒకరు నిచ్చెన వేస్తారు. గుడ్డ కుక్కేవాడు చెడ్డవాడు కానక్కరలేదు, తలనొప్పి వచ్చినవాడైతే చాలు. నేర్పిన మనిషిని మళ్లీ పిలుద్దామంటే ఆయన దగ్గర ఆ ముక్కు ఇప్పుడు లేదు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు. షిఫ్ట్ ఇంచార్జి సత్యానందం సారు. ఆదివారం చర్చిలో పాడే గొంతు, మిగతా రోజుల్లో కూడా తగ్గించడం రాదు.

"లింగం! టాంకర్ ఎందుకు ఆపినవ్?"

చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. సారు తెర వంక చూశాడు, గీత వంక.

"ఇది నడుస్తున్నట్టేనా?"

"నడుస్తున్నట్టే సార్."

"నీకెట్ల తెలుసు?"

లింగం కంప్యూటరు పక్క మీద అరచెయ్యి పెట్టి చూపించాడు. డిస్కు లోపల సన్నగా గీరుతోంది. సారు కూడా పెట్టి చూశాడు, దూడ కడుపు చూసినట్టు.

"పైనుంచి ఫోనొస్తే ఏం చెప్పాలె? రాసిస్తవా, నేనే ఆపిన అని?"

లింగం కాగితం లాక్కుని రాశాడు. సారు చదివి, జేబులోంచి పెన్ను తీసి, కింద తన సంతకం కూడా పెట్టాడు. "పోతె ఇద్దరం పోదాం ఇంటికి" అని మెట్లు దిగిపోయాడు. కింద టాంకరు డ్రైవరు గొంతు, "భయ్యా, కిత్నీ దేర్ ఔర్?" ఇంకా ఎంతసేపని. దానికి సారు హిందీ. ఆ హిందీ విని డ్రైవరు ఇంకా అయోమయంలో పడి ఉంటాడు.

పదహారు. యూపీఎస్ ఒకసారి కూసింది. ఇక నిమిషానికోసారి కూస్తుంది, ఆ తరువాత ఆగకుండా. పదమూడు. తొమ్మిది జీబీ అని కొలిచింది నిజమేనా, చోటు సరిపోతుందా, సరిపోకపోతే చివరలో ఆ మాట చెబుతుంది, అప్పటికి చేసేది ఉండదు. పదకొండు. సుమిత్ర ఒకసారి కిటికీ వంక చూసింది. చెయ్యి ఊపలేదు, ముఖం మళ్లీ గాలికి తిప్పింది. తొమ్మిది. అప్పుడు గీత కదిలింది. షా రెండువందల యాభై ఆరు అని మొదలై, అర్థం లేని అక్షరాలూ అంకెలూ ఒక బారెడు వరుస తెర మీద పడింది. అచ్చు పూర్తయిందన్న గుర్తే గానీ అది ఎవరికీ చదవడానికి కాదు. లింగం మొత్తం చదివాడు.

డబ్బా మళ్లీ కదిలింది, సెన్సార్ల అంకెలు పారుతున్నాయి. కానీ అచ్చు లేస్తుందో లేదో చూడాలి. సెన్సార్ల తీగ ఒక్కటే, దాని మీద ఇద్దరు కూర్చోలేరు, కొత్తది కూర్చోవాలంటే పాతది దిగాలి. పాతది దిగితే చెరుగుతుంది. యూపీఎస్ పోయేదాకా ఆగినా చెరుగుతుంది, ఆ తెగేదేదో కరెంటు చేతిలో ఎందుకు, తన చేతిలో తెగనీ. ఆపమని కొట్టాడు. పది సెకండ్లు పట్టింది, ఏదో సర్దుకుంటున్నట్టు. తరువాత జాబితా అడిగితే పై వరుసలో శీర్షికలు మాత్రం వచ్చాయి, వాటి కింద ఏమీ లేదు. అచ్చు నుంచి కొత్తదాన్ని లేపాడు. ఈసారి ఊడ్చే మాట లేదు, కరెంటు వచ్చినప్పుడల్లా తానే లేవాలన్న మాట ఉంది. ఒకటో నంబరు పలికింది. మూడు. రెండు. అయిదు. తొమ్మిది తీరిగ్గా పలికింది. పదకొండూ వచ్చాయి. లేచి నాలుగు సెకండ్లయింది అని రాసి ఉంది. లింగం ఆ నాలుగు వంక చూస్తుండగానే యూపీఎస్ పొడుగ్గా కూసి తెర నల్లబడింది. ముఖం మీద ఇంకా మూడు నిమిషాలుందని చూపిస్తూనే పోయింది.

రెండింటి దాకా పైపు ముట్టలేదు. రెండింటి దాకా ముక్కులే కాపలా. లింగం ఏడో నంబరు దగ్గరికి పోయి సుమిత్రను తినిరా పొమ్మన్నాడు, ఆమె పోలేదు, టిఫిను డబ్బా అక్కడికే తెప్పించమంది. సాల్వెంట్ దగ్గర తినగూడదని ఐలన్న తిట్టాడు. అప్పుడు పోయి, పది నిమిషాల్లో మూతి తుడుచుకుంటూ వచ్చింది. రెండుంబావుకు కరెంటు వచ్చింది. లింగం పైకి పోయి కంప్యూటరు మీట ఒక్కటి నొక్కి చూశాడు, డబ్బా ఎవరూ లేపకుండానే లేచింది. కిందికి వచ్చి నిలబడ్డాడు. మూడింటికి బాయిలరు వేడెక్కి, ఆవిరి డ్రెయిను దగ్గి, తెల్లగా ఒక్కసారి కక్కింది. ఏడో నంబరు అందులో మునిగిపోయింది, పక్కన ఉన్న ముగ్గురూ మునిగిపోయారు. సుమిత్ర చెవులు మూసుకుంది. సైరన్ మోగలేదు. ఆవిరి తేలిపోయింది, అప్పటికీ మోగలేదు.

"మోగలే!" అన్నాడు ఐలన్న.

లింగం తల ఊపలేదు. చచ్చినది కూడా మోగదు.

"గుడ్డ తే ఐలన్నా."

కర్ర చివర గుడ్డ చుట్టి, శాంపిల్ సీసాలో టోలీన్ ఉంటే అందులో ముంచి, ఐలన్న దాన్ని దూరంగా పట్టుకుని రెండో నంబరు ముందుకు పోయాడు. ఇంకా మూరెడు దూరం ఉండగానే సైరన్ లేచింది. యార్డంతా, ప్యాకింగ్ గదిలో, గేటు దగ్గర, అవతల రోడ్డు దాకా. స్టీరింగు మీద కాళ్లు పెట్టుకుని నిద్రపోతున్న టాంకరు డ్రైవరు దూకి, ఒక చెప్పుతోనే గేటు వైపు పరిగెత్తాడు. "ఏయ్, ఆగు, ఆగు, ఉత్తదే!" అని ఐలన్న కర్ర పట్టుకుని వెంట పడ్డాడు, ఆ కర్ర చూసి వాడు ఇంకా జోరందుకున్నాడు. సుమిత్ర చెవుల మీద చేతులు అలాగే పెట్టుకుని పగలబడి నవ్వుతోంది, ఏదో అంటోంది కూడా, పెదవులు కదులుతున్నాయి గాని మాట వినబడదు. ఆపమంటోందని సైగను బట్టి తెలిసింది. ఆపాలంటే పైకి పోవాలి. లింగం మెట్లు ఎక్కాడు, ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు, తొందరపడలేదు.